పేరు పువ్వు

నేను ఒక గులాబీ పూల అచ్చును. నన్ను పట్టుకున్న ఆడవాళ్ళందరి మీదా నాకు ఏదో ఒక ఫిర్యాదు ఉంది గాని, ఎస్తేరమ్మగారి మీద ఉన్నది మాత్రం పెద్దది. పొయ్యి దగ్గర ఆవిడ ప్రార్థన మొదలుపెట్టేటప్పుడు నన్ను కాగే నూనెలో ముంచి, కళ్ళు మూసుకునేది. చిన్న ప్రార్థనైతే నాకేం అభ్యంతరం లేదు. ఊళ్ళో రోగులు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, పరీక్షలు రాసే పిల్లలు, ఆదివారం చర్చికి ఎగనామం పెట్టేవాళ్ళు, అందరూ వరసగా అయితేగాని ఆమెన్ వచ్చేది కాదు. ఈలోగా నా కాడ పైదాకా వేడెక్కి ఆవిడ వేలే చురుక్కుమనేది. అప్పుడు ఆమెన్ కాస్త గట్టిగా పడేది. పక్కింటివాళ్ళు దాన్ని భక్తి అనుకునేవాళ్ళు.

చూడ్డానికి నేను ఏమంత కాదు. పోత ఇనుముతో చేసిన ఎనిమిది రేకుల పువ్వు, నడుమ నుంచి లేచిన కాడ. చెక్క పిడి ఎప్పుడో ఊడిపోయింది, గుడ్డ చుట్టి పట్టుకోవాలి. గుంటూరులో బండి ఇరుసులు పోసే కార్ఖానాలో నన్ను పోశారు. చేయించింది మిషన్ బంగళా దొరసాని. ఆవిడ కాగితం మీద గీసిచ్చిన బొమ్మ చూసి, పోత పోసినాయన నన్ను పశువులకి వేసే ముద్ర అనుకున్నాడు. "దొరసాని ఎద్దులక్కూడా పూలే కావాల్సొచ్చినయ్యా" అని నవ్వుకుంటూనే పోశాడు. ఆ లెక్కన నేను పుట్టింది కాల్చడానికే. ఆ పని ఎంతవరకు చేశానో ముందు ముందు మీరే చూస్తారు.

దొరసాని తన దేశం వెళ్ళిపోతూ పియానో చర్చికిచ్చింది, కుక్కని తహసీల్దారుకిచ్చింది, నన్ను వంటావిడ మార్తమ్మకిచ్చింది. మా ముగ్గురిలో ఎక్కువ కాలం పనిచేసింది నేనే.

మార్తమ్మ చేతిలో పడ్డాక నేను తెలుగుదాన్నయ్యాను. పాలకి బదులు కొబ్బరిపాలు వచ్చాయి, మైదాలో బియ్యప్పిండి కలిసింది, నువ్వులు, యాలకులు తోడయ్యాయి. ఒక్క కోడిగుడ్డు మాత్రం దొరసాని నాటిదే మిగిలింది. పిండిలో నన్ను మెడదాకా ముంచకూడదు, ముప్పాతికే ముంచాలి. మెడదాకా ముంచితే పిండి నన్ను కౌగిలించుకుంటుంది, ఇక వదలదు. ఈ కిటుకు మనుషుల విషయంలోనూ పనికొస్తుంది గాని, పొయ్యి దిగాక ఎవరికీ గుర్తుండదు.

మార్తమ్మ ఒక ఆనవాయితీ కూడా పెట్టింది. క్రిస్మస్ పిండివంటలు మొదలుపెట్టే రోజున, అసలు వాయిలు వేసేముందు, ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి ఒక్కొక్క పువ్వు వేయాలి. పెద్దవాళ్ళది వాళ్ళే వేసుకోవాలి, పిల్లలది పెద్దవాళ్ళు వేయాలి. కొత్త కోడలు వచ్చిన ఏడు మొదటి పువ్వు ఆవిడది. పెళ్ళి కుదిరిన పిల్ల ఉంటే మొదటి పువ్వు ఆ పిల్లది. ఆ పూలు తినడానికి కాదు. తెల్లగుడ్డ పరిచిన పళ్ళెంలో పెట్టి పాస్టరుగారింటికి పంపితే, ఆయన ఆ ఇంటివాళ్ళందరి కోసం ప్రార్థన చేసేవాడు. వాటినే పేరు పూలనేవాళ్ళు. పళ్ళెంలో పువ్వు ఉన్నవాళ్ళు ఇంటివాళ్ళు. లేనివాళ్ళు ఎవరో ఆ రోజుల్లో అడగాల్సిన అవసరం రాలేదు.

మార్తమ్మ పోతూ పోతూ కూతురు ఎస్తేరమ్మకి నన్ను అప్పగించి ఒకే ఒక్క మాట చెప్పింది. "దీన్ని తోమబాకే. తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టు. తోమావంటే మొదటి పువ్వు రాదు."

ఎస్తేరమ్మ రేపల్లెలో చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ కొడుకు విక్టరు కాలేజీకి రోజూ రైల్లో వెళ్ళేవాడు. అదే పెట్టెలో సత్యవతి అనే అమ్మాయీ వెళ్ళేది. ఆ రైలు ఒక్కరోజూ వేళకి రాలేదు. కాబట్టి ఆ పెళ్ళికి పెద్దలెవరంటే రైల్వేవాళ్ళనే చెప్పాలి. సత్యవతి బాప్తిస్మం తీసుకుని కృపావతి అయింది. ఆవిడ పుట్టింటివాళ్ళది కూడా ఆ ఊరే. మూడు వీధుల అవతల తలుపేసుకుని కూర్చున్నారు.

కోడలు వచ్చిన మొదటి క్రిస్మస్‌కి ఎస్తేరమ్మ వియ్యాలవారింటికి కబురు పంపింది, పిండివంటల రోజున టీకి రమ్మని. మంచి మనసుతోనే పంపిందని నా నమ్మకం. కాని మంచి మనసుకి ఒక జబ్బుంది, దానికి నలుగురూ చూడాలని ఉంటుంది. "వాళ్ళొస్తే మన సామాను మెరవాలి" అని ఆవిడ ఇంట్లో ఉన్న ఇత్తడంతా తోమి, ఆ ఊపులో నన్నూ అందుకుంది. చింతపండు వేసి, ఇటికపొడి వేసి, తల్లి చెప్పిన మాటని కూడా కలిపి తోమేసింది. ఏళ్ళ తరబడి నేను తాగిన నూనె అంతా తూములో పోయింది. వెండిలా మెరిశాను. నా జన్మలో నేను అంత అందంగా ఉన్నదీ, అంత పనికిరాకుండా ఉన్నదీ ఆ ఒక్కరోజే.

వియ్యాలవారు రాలేదు. సమాజం ఆడవాళ్ళు మాత్రం అందరూ వచ్చారు. కృప గుడ్డ చుట్టి నన్ను పట్టుకుంది. చెప్పినట్టే నూనెలో కాచింది, పిండిలో ముప్పాతికే ముంచింది, మళ్ళీ నూనెలో దించి మెల్లగా ఆడించింది. పువ్వు వదల్లేదు. చీపురు పుల్లతో కదిపితే ముక్కలు ముక్కలుగా విరిగి నూనెలో తేలింది. అది వదలకపోవడం తన తప్పేమోనని ఆ పిల్ల ముక్కల్ని ఒక్కొక్కటే ఏరుతుంటే, ఎస్తేరమ్మ అంది:

"నూనెకి తెలిసిద్దమ్మా. ఎవరు దేవుడి కోసం వచ్చారో, ఎవరు మొగుడి కోసం వచ్చారో."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అన్న తర్వాతే ఆవిడ నా వంక చూసింది. మెరుస్తున్న నా ఒళ్ళు చూసింది. తల్లి మాట గుర్తొచ్చింది. అది ఆవిడ కళ్ళలో నేను చూశాను, నా కన్నా దగ్గరగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. కాని మాట అప్పటికే గడప దాటింది. దాటిన మాటని వెనక్కి పిలవడం కన్నా కోడల్ని వెనక్కి జరపడం ఆవిడకి సులువనిపించింది. నన్ను అందుకుని ఆవిడ పువ్వు ఆవిడ వేసుకుంది. అదీ కాస్త అంటుకుంది గాని, గిన్నె అంచుకి నాలుగు దెబ్బలు కొడితే వచ్చింది. ఆ దెబ్బలు తగిలింది నాకు. ఆ తర్వాతి పూలు చక్కగా రాలాయి. నేను కాస్త నూనె తాగి కుదుటపడ్డానని ఎవరికీ తోచలేదు. ఆ ఏడు పళ్ళెంలో కృప పువ్వు వెళ్ళలేదు.

"వచ్చే ఏడు వేద్దువుగానిలే" అంది ఎస్తేరమ్మ.

ఆ వచ్చే ఏడు చాలా ఏళ్ళు రాలేదు. బియ్యం నానబెట్టేది కృప, కొబ్బరికాయలు కొట్టేది కృప, పాలు పిండేది కృప, నూనె ముందు కూర్చునేది మాత్రం అత్తగారు. మొదటి ఏడు నూనె పేరు చెప్పి ఆవిడ వెక్కిరింతగా అన్నది మూడో ఏటికి పద్ధతి అయింది, అయిదో ఏటికి బైబిలు వాక్యంలో ఉన్నట్టే అయిపోయింది. పుట్టింట్లో గడప దిగిన పిల్ల అత్తింట్లో పొయ్యి ఎక్కలేదు. విక్టరుకి ఇదంతా తెలుసా అంటే, తెలుసు. ఆయనకి పూలు ఇష్టం. తింటూ ఉండేవాడు.

వాళ్ళకో కూతురు పుట్టింది, జెమీమా. డిసెంబరు వస్తే ఆ పిల్ల కాళ్ళు నేల మీద ఆనేవి కావు. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి దానికి ఎర్ర గాజు కాగితం అంటించడం, మైదా జిగురుతో రంగు కాగితాల గొలుసులు చేయడం, జిగురు జుట్టుకి అంటుకుంటే ఏడవడం, కొత్త గౌను దర్జీ ఇంకా కుట్టలేదని మళ్ళీ ఏడవడం. కేరల్స్ వాళ్ళు డోలకు మోగించుకుంటూ వీధి మలుపు తిరిగితే చాలు, వాళ్ళకి పెట్టాల్సిన పూలలో సగం అప్పటికే ఆ పిల్ల గౌను జేబుల్లో ఉండేవి. పెద్దయ్యాక జెమీమా తన చిన్ననాటి క్రిస్మస్ గురించి చెప్పినప్పుడల్లా ఈ నక్షత్రాలూ, గొలుసులే చెబుతుంది. వినేవాళ్ళు ఎంత బాగుందో అంటారు. పళ్ళెం సంగతి చెప్పదు.

పళ్ళెంలో పూలు లెక్కపెట్టడం నేర్చుకున్న ఏడు ఆ పిల్ల అడిగింది. "నాయనమ్మా, అమ్మ పువ్వేది?"

"మీ అమ్మది వచ్చే ఏడమ్మా."

పై ఏడు జెమీ అడగలేదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నన్ను మేకు మీంచి దించి, చపాతీ పిండి ముద్ద మీద గట్టిగా నొక్కి ఒక పచ్చి పువ్వు చేసింది. తెల్లగా, ఒక పక్కకి వాలి, చూడ్డానికి అప్పడంలా ఉంది. దాన్ని పళ్ళెంలో తన పువ్వు పక్కనే పెట్టింది. ఎస్తేరమ్మ చూసి, దాన్ని తీసి పెరట్లో కోడికి వేసింది.

జెమీ తల్లి కొంగులో మొహం పెట్టి ఏడుస్తుంటే కృప తల నిమిరి, "పోనీలే అమ్మా, కోడైనా తింది" అంది. ఆ కోడిని క్రిస్మస్ రోజు కూర వండింది కూడా కృపే. ముక్క ముట్టలేదు.

కృపకి అసలు సంగతి తెలియదని మీరు అనుకుంటున్నారేమో. అట్ల పెనం తోమితే మొదటి అట్టు రాదని తెలియని ఆడది ఎక్కడైనా ఉంటుందా? తన పువ్వు విరిగిన క్షణంలోనే, మెరుస్తున్న నా ఒళ్ళు చూసి, ఆవిడకి తెలుసు. కొత్త కోడలు ఆ మాట అంటే అత్తగారిని తప్పు పట్టినట్టవుతుందని ఊరుకుంది. ఒకసారి ఊరుకుంటే రెండోసారి మాట్లాడ్డం ఎంత కష్టమో పెళ్ళయినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళకీ ఒకే నిజం తెలుసు. ఇద్దరూ దాన్ని నాతో పాటు గుడ్డలో చుట్టి మేకుకి తగిలించారు.

ఇప్పుడు నేను జెమీమా ఇంట్లో హాలు గోడకి అలంకారం. వంటకి ఆవిడ దగ్గర అంటుకోని పూత వేసిన కొత్త అచ్చు ఉంది, దాన్ని ఎంత తోమినా ఎవరి పువ్వూ విరగదు. వచ్చినవాళ్ళు నన్ను చూసి, "ఎంత పాతదో, దీని వెనక ఏదో కథ ఉండే ఉంటుంది" అంటారు. జెమీమా టీ తీసుకురావడానికి లేస్తుంది. అందుకని ఆ కథ నేనే చెప్పాల్సి వస్తోంది. నేను ఆఖరుసారి పొయ్యెక్కిన రోజుది.

జెమీమాకి పెళ్ళి కుదిరింది. కాబోయే అత్తగారు ఫ్లోరెన్సుగారు, పిండివంటల రోజున వచ్చి చెయ్యి వేస్తానని కబురు చేసింది. చెయ్యి వేయడమంటే చూసిపోవడమని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఉదయం కృప నన్ను మేకు మీంచి దించి, పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, చింతపండు వేసి, ఇటికపొడి వేసి తోమింది. తొందరేం లేదు. రేకు రేకూ తోమింది. మధ్యలో ఒకసారి మాత్రం, "ఓర్చుకో, నేను ఓర్చుకోలా" అంది. ఆ మాట నాతో అన్నదో, లోపల నిద్రపోతున్న కూతురితో అన్నదో నాకు తెలియదు.

మధ్యాహ్నం పొయ్యి వెలిగింది. ఎస్తేరమ్మకి చూపు తగ్గింది, నా మెరుపు ఆవిడకి ఆనలేదు. పెళ్ళి కుదిరిన పిల్లది మొదటి పువ్వు కాబట్టి జెమీ నన్ను పట్టుకుంది. ఫ్లోరెన్సుగారు కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది.

పువ్వు వదల్లేదు. జెమీ ఆడించింది, పుల్లతో కదిపింది. పువ్వు ముక్కలై నూనెలో తేలింది.

"అయ్యో, మొదటిదే" అంది ఫ్లోరెన్సుగారు. "ఇట్టా అయితే మంచిదేనాండీ పిన్నిగారూ?"

ఎస్తేరమ్మ నన్ను లాక్కుని, రేకుల మీద వేలితో రాసి చూసింది. వేలు కాలింది, లెక్కచేయలేదు.

"మంచీ చెడ్డా ఏముందమ్మా ఇందులో. ఎవరో దీన్ని తోమి తగలేశారు. తోమితే మొదటి పువ్వు అంటుకోక ఏం చేసిద్ది? కాసేపు నూనె తాగితే అదే సర్దుకుంటది. పిల్ల చేతిలో ఏం దోషం లేదు, మనసులో అసలే లేదు."

వెనకాల కృప కొబ్బరి కోరుతున్న చప్పుడు ఆగింది.

"నేనే తోమానత్తయ్యా" అంది కృప.

"నువ్వా? బుద్ధుందా నీకు? ఎందుకు తోమావే?"

"మీరెందుకు తోమారో అందుకే. వియ్యాలవారొస్తున్నారుగా."

ఫ్లోరెన్సుగారు గోడ మీది చర్చి క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది. జెమీ తల్లి వంక చూసింది, నాయనమ్మ వంక చూసింది. చిన్నప్పుడు అడిగి మానేసిన ప్రశ్న ఆ పిల్ల ముఖంలో మళ్ళీ కనిపించింది.

"సరేలే, అయిపోయిందేదో అయిపోయింది" అంది ఎస్తేరమ్మ. "రా, వచ్చి నీ పువ్వు వెయ్యి. జెమీ, అమ్మకి గుడ్డ అందియ్యి."

"నాకొద్దు" అంది కృప. "పువ్వు ఇన్నాళ్ళకి ఎందుకత్తయ్యా? ఆ రోజు నవ్వినోళ్ళల్లో సగం మంది సమాధుల తోటలో ఉన్నారు. మిగిలినోళ్ళు ఇంకా నవ్వుతానే ఉన్నారు." మళ్ళీ కొబ్బరి చిప్ప అందుకుంది గాని కోరలేదు.

ఎస్తేరమ్మ పొయ్యి ఆపింది. నన్ను రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుంది. ప్రార్థన కాబోలనుకున్నాను. రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం సిద్ధపడ్డాను. వాళ్ళెవరూ రాలేదు. ఆవిడ కళ్ళు తెరిచి, ఫ్లోరెన్సుగారు వింటుందని తెలిసే, గొంతు తగ్గించకుండా అంది:

"ఆ రోజు దీన్ని తోమింది నేనే కృపా. నీ పువ్వు ఇరిగినప్పుడే నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నా. నూనెకేం తెలియదమ్మా. తప్పు నాది."