సర్టిఫికెట్ రాకముందే కృతజ్ఞతా కూడిక

అరసవల్లి రోడ్డు పక్క సందులో షామియానా కింద కుర్చీలు నిండిపోయాయి. షీబాకి జర్మనీ వీసా వచ్చిందని అత్త సీతమ్మ కృతజ్ఞతా కూడిక పెట్టించింది. చర్చి సంఘమంతటితో పాటు, మర్యాదకని షీబా పనిచేసే మందుల కంపెనీ మేనేజర్ రమేష్‌బాబునీ పిలిచింది.

కంపెనీ షీబాని రెండేళ్లపాటు జర్మనీలోని ఫ్యాక్టరీకి పంపుతోంది. పని అక్కడ, ఉద్యోగం మాత్రం ఇక్కడిదే. రమేష్‌బాబు పూలగుత్తితో పాటు ఒక కవరు తెచ్చి, వరండాలోనే ఆమె చేతికిచ్చాడు.

"చిన్న సంతకం అమ్మా."

షీబా చదివింది. జీతంలోంచి ఇక్కడి పీఎఫ్, అక్కడి పింఛను చందా రెండూ కోసుకోవడం తనకు సమ్మతమేనట.

"ఇక్కడ పీఎఫ్ కడతన్నట్టు సర్టిఫికెట్ సూపిస్తే అక్కడ కొయ్యరు గదండీ! రెండు దేశాలకీ ఒప్పందం ఉన్నాది."

ఆమె ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకుంటుందని తెలుసు గనక అతను దాచలేదు. "కంపెనీ ఏడాదిగా పీఎఫ్ జమ చెయ్యలేదు. ఆ బకాయి తీరేదాకా సర్టిఫికెట్ అడగలేం. నువ్వు ముందు వెళ్లు, తర్వాత చూద్దాం."

"నా జీతంలో నెలనెలా కోసినారు, మరి?"

"ఇంతమందిని పిలుచుకున్నారు. ఇవాళ ఈ మాటలెందుకు?"

వంటవాళ్ల దగ్గర్నుంచి సీతమ్మ వచ్చింది. "సంతకం పెట్టీసి రాయే. బిర్యానీ దమ్ము మీదున్నాది."

"రెండుసోట్లా నన్నే కోస్తారటత్తా."

"దేవుడు సూసుకుంటాడులే."

"దేవుడి మీదకి తొయ్యకత్తా. కట్టాల్సింది కంపెనీ."

భర్త ఎలీషా గొంతు తగ్గించాడు. "ఊరందరికీ తెలిసిపోనాది. ఇప్పుడు ఆగిపోతే మన మొకం ఏటవుతాది?"

"కడుక్కుంటే సరిపోద్ది బావా."

ఇంతలో పాస్టరు కృపానిధి మైకులో సాక్ష్యం చెప్పడానికి షీబాని పిలిచారు. ఆమె కాగితం పట్టుకునే వెళ్లి నిలబడింది.

"జర్మనీ ఎల్లడానికి ప్రభువు నాకు దారి తీసినాడు."

"స్తోత్రం!" అన్నారందరూ.

"కంపెనీ నెలనెలా నా జీతంలో పీఎఫ్ కోసింది."

"స్తోత్రం!" వెనక వరసలోంచి ముసలి తవిటమ్మ ఒక్కర్తే అరిచింది.

"దీనికొద్దమ్మమ్మా! కోసింది పీఎఫ్ ఆఫీసుకి కట్టలేదు."

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు.

"అది కడితేనే నాకు సర్టిఫికెట్ వస్తాది. అది లేకుండా ఎల్తే అక్కడోళ్లూ కోస్తారు, ఇక్కడోళ్లూ కోస్తారు. దానికి ఒప్పుకుంటన్నానని ఈ కాయితం మీద రాయించుకొచ్చినారు. నాను సంతకం పెట్టను. సర్టిఫికెట్ వచ్చేదాకా ఇమానం ఎక్కను."

కృపానిధి దగ్గారు. "అమ్మా, ఇది సాక్ష్యమేనా?"

"సాక్ష్యమే అయ్యగారూ. కళ్లారా సూసిందే సెప్తన్నాను."

రమేష్‌బాబు కుర్చీలోంచి లేచాడు. "సరే. నువ్వు కాకపోతే పృథ్వీరాజ్ వెళ్తాడు. అతనికీ వీసా ఉంది."

"పంపండి. ఆడికైనా ఆ సర్టిఫికెట్టే గదా కావాలి."

కంపెనీ ల్యాబులో షీబాతో పాటు పనిచేసే పృథ్వీరాజ్ కూడా ఆ సంఘంవాడే, రెండో వరసలోనే ఉన్నాడు. అందరూ అతనివైపు తిరిగేసరికి మెల్లగా లేచాడు. "నాకూ కట్టలేదు గదా సార్! మరి నా సంగతేటి?"

రమేష్‌బాబు రోడ్డువైపు నడిచాడు. సీతమ్మ ఎదురెళ్లి దారికడ్డంగా నిలబడింది. ఆమె మొహం ఇంకా గంటు పెట్టుకునే ఉంది, కోపం ఎవరి మీదో తేలలేదు.

"తినకండా ఎల్లిపోతారేటి బాబూ? కూకోండి. మా ఇంట్లో ఒకరి ముద్ద ఇంకొకరు లాక్కోరు."

అతను కూర్చున్నాడు.

"మరిప్పుడు దేనికని ప్రార్థన చెయ్యమంటావమ్మా?" అన్నారు కృపానిధి.

"బకాయి కట్టించమని సెయ్యండయ్యగారూ. పేరు పెట్టి అడగండి."

ఆయన ఒకసారి రమేష్‌బాబుని చూసి, కళ్లు మూసుకుని, కంపెనీ పేరుతోనే మొదలుపెట్టారు.