ఎర్మెక్ ఇచ్చిన రక్తం

విందులో మాంసం పళ్ళాలు ఖాళీ అయ్యాక జిపార్ టీ మరిగే సమోవర్ దగ్గర చేరి, ఒక్కో గిన్నెలో సగానికి టీ పోసి రెండు చేతులతో అందిస్తోంది. కోడలి పని అది. వాళ్ళలో గిన్నె నిండా పోస్తే అతిథిని తాగి లేచి వెళ్ళిపొమ్మన్నట్టు. పెళ్ళైన కొత్తలో ఒకసారి నిద్రమత్తులో చెయ్యి జారి ఆడపడుచుకి నిండుగా పోసింది. "మా పిల్లని ఇంట్లోంచి పొమ్మంది" అని అత్తగారు బత్మా ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అది అప్పుడప్పుడూ తీసే మాట. రోజూ తీసే మాట ఇంకోటుంది. కూతురు పుట్టినప్పుడు జిపార్‌కి రక్తం ఆగకుండా పోయి తెలివి తప్పింది. అప్పుడు భర్త ఎర్మెక్ పక్కమంచం మీద పడుకుని తన రక్తమిచ్చి బతికించాడట. ఆనాటి నుంచి సూపు ఆలస్యమైనా, చదువు కొనసాగిస్తానన్నా, నడుం నొప్పని కాసేపు వాలినా అదే మాట. "ఒంట్లో మా అబ్బాయి రక్తం పారుతుంటే నీకు అలుపేమిటే?" జిపార్ నమ్మింది. నమ్మి నోరు మూసుకుని గిన్నెలు కడిగింది. పరిశోధన సంస్థ తనకిచ్చిన ఈ ఇంటిని "మా అబ్బాయి ఇల్లు" అన్నా ఊరుకుంది. ప్రాణం పోసినవాడికి ఎదురేం చెబుతాం?

ఆమె పరిశోధనే రక్తదానం మీద. ఆసుపత్రుల్లో ఎవరి కోసం ఎవరు రక్తమిస్తున్నారు, ఎవరు మెల్లగా జారుకుంటున్నారు అని మనుషుల్ని అడిగి తెలుసుకోవడం. మొన్న వసంతంలో ప్రశ్నలు సరిగా ఉన్నాయో లేదో చూద్దామని ముందు అక్క బురుల్‌ని అడిగింది.

"మొదటిసారి ఎవరికిచ్చావు?"

బురుల్ లేచి తలుపు దగ్గరికి వేసొచ్చింది. "నీకే. మీ ఆయన సిగరెట్ తాగొస్తానని వెళ్ళి, నీకు తెలివొచ్చాక వచ్చాడు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మొగుణ్ణి వదిలేసినదాని మాట ఎవరు నమ్ముతారే? నీ కాపురంలో నిప్పులు పోసిందంటారు."

జిపార్‌కి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో నిలదీస్తే తల్లీకొడుకులు కలిసి తననే పిచ్చిదాన్ని చేస్తారు. నలుగురిలో ఆడిన అబద్ధం నలుగురిలోనే బయటపడాలి. అందుకే కడుపులో దాచుకుని కాచుకుంది. ఎర్మెక్‌కి పెద్దాసుపత్రిలో సరుకుల అధికారి ఉద్యోగం వచ్చింది. అందుకే ఇవాళ్టి ఈ విందు. దీనికి అక్కడి పెద్ద డాక్టరు తొక్తొసున్ వచ్చాడు. వంటకి సాయమొచ్చిన బురుల్‌ని మాత్రం బత్మా, "శుభకార్యం, నువ్విటు రాకు" అని వంటింట్లోనే ఉంచేసింది.

"సోమవారం నేను నారిన్ వెళ్తున్నాను. ఆ కొండల్లోని ఆసుపత్రుల్లో మూడు నెలల పని," అంది జిపార్ టీ పోస్తూ.

"ఎక్కడికీ వద్దు," అంది బత్మా. "ఎవరి రక్తంతో బతికిందో మరిచిపోయింది. చెప్పరా ఎర్మెక్, డాక్టరుగారికి."

ఎర్మెక్‌ని అడగడమే ఆలస్యం. "నా చేతిలోంచి తీసి దీని చేతికి ఎక్కించారు సార్. డాక్టర్లు చాలంటున్నా, ఇంకా తియ్యండన్నాను."

"నా పనిలో అందరినీ అడుగుతాను, మిమ్మల్నే అడగలేదు," అంది జిపార్ మెత్తగా. "ఏ చేతి నుంచి తీశారు?"

"కుడి చేతి నుంచి."

"ఇచ్చాక ఏం తిన్నారు?"

"తిండెక్కడిది? నీ కోసం ఏడుస్తూ కూర్చున్నా." బత్మా కళ్ళు తుడుచుకుంది.

"మీ గ్రూపు?"

"రెండోది, అంటే ఎ. సైన్యంలో చొక్కా మీదే కుట్టిచ్చారు," అన్నాడు ఛాతీ తట్టుకుంటూ.

"నాది మొదటిది, ఓ." జిపార్ తొక్తొసున్ వైపు తిరిగి గిన్నె చాపింది. "డాక్టరుగారూ, రెండో గ్రూపు రక్తం నాకెక్కిస్తే ఏమయ్యేదాన్ని?"

ఆయన గిన్నె అందుకోలేదు. కొత్త అధికారి వైపు చాలాసేపు చూశాడు.

"ఇవాళ ఈ టీ పోసేదానివి కాదమ్మా," అన్నాడు.

"డాక్టర్లు ఏదో కలిపి ఎక్కించుంటారు," అని గొణిగింది బత్మా. ఎర్మెక్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చూస్తే జిపార్‌కి కడుపు నిండినట్టయింది. జాలి కోసం వెతుక్కుంది, ఎక్కడా దొరకలేదు.

"అక్కా, ఇటు రా," అని పిలిచింది. చేతులు తుడుచుకుంటూ వచ్చిన బురుల్‌ని డాక్టరు పక్కన, గుమ్మానికి ఎదురుగా పెద్దలు కూర్చునే చోట కూర్చోబెట్టింది. "నాకు రక్తమిచ్చింది ఈవిడ. ఆయన సిగరెట్‌కి వెళ్ళాడు." అక్కకి సగం గిన్నె పోసి రెండు చేతులతో ఇచ్చింది.

తర్వాత ఇంకో రెండు గిన్నెలు తీసింది. సమోవర్ కుళాయి తిప్పి, అంచులదాకా, పొర్లి కింద పరిచిన బట్ట మీద పడేదాకా పోసింది. ఈసారి నిద్రమత్తు లేదు, చెయ్యీ జారలేదు. ఒకటి మొగుడి ముందు పెట్టింది, రెండోది అత్తగారి ముందు.

"సోమవారం ఇంటికి తాళం వేసి, పాపని తీసుకుని వెళ్తున్నాను. తాగండి అత్తయ్యా, చల్లారిపోతుంది."