తలుపుకి అడ్డం పెట్టిన కర్రముక్క

నా రాతలో తప్పులుంటాయి. చదివేవాళ్లు సర్దుకుని చదువుకోండి. అక్షరాలు నేర్చుకునేసరికి నాకు అరవై దాటింది. మా ఆయన వర్జిల్ పోయాక, ఊళ్లో గ్రంథాలయంలో పెద్దవాళ్లకు చదువు చెబుతారంటే వెళ్లాను. అంతకుముందు చాలా ఏళ్లు బడి వంటింట్లో పనిచేశాను. గోడకి అవతల పిల్లలు పాఠం చదువుతుంటే, ఇవతల నేను వాళ్ల మధ్యాహ్నం భోజనానికి బంగాళదుంపలు ఒలిచేదాన్ని. ఇప్పటికీ ఒక్కో వాక్యం రాయడానికి చాలాసేపు పడుతుంది. రాస్తుండగానే చల్లారిపోయే కోపమైతే మొదలుపెట్టేదాన్ని కాదు.

ఆ రోజు కూడా బంగాళదుంపలే ఒలుస్తున్నాను. నా మనవరాలు జోసీ పక్కన కూర్చుని తొక్కలు బకెట్లో వేస్తోంది. దానికి ఆ నెలలోనే పదేళ్లు నిండాయి. మా అబ్బాయి లోవెల్ బురద బూట్లతోనే వంటింట్లోకి వచ్చి, పెనంలో ఉన్న మొక్కజొన్న రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాడు. నేను పొద్దున్నే తుడిచిన నేల మీద వాడి అడుగులు తలుపు దాకా కనిపిస్తున్నాయి.

"ఏమే, తుపాకీ క్లబ్బులో చేరతావట?" అన్నాడు కూతురితో.

"అవును నాన్నా. వసంతంలో మొదలెడతారు. పదేళ్లొస్తే చేర్చుకుంటారు. పాయింట్ టూటూ అని చిన్న తుపాకీ సొంతంగా ఉండాలి."

"చూద్దాంలే. థాంక్స్‌గివింగ్ పండగ నాడు భోజనాలయ్యాక తాతయ్య పెద్ద తుపాకీ ఒక్కసారి పేల్చు. నిలబడ్డావా, కొనిస్తా. కూలబడ్డావనుకో, నాన్నమ్మతో పాటు గిన్నెలు తోముకో." నా వైపు చూసి కన్నుగీటాడు. "ఏమ్మా, నీకు పట్టపగలే చుక్కలు కనిపించాయటగా?"

జోసీ నవ్వలేదు. చేతిలో దుంపని తిప్పుతూ, "అది నాకు బరువు కదా నాన్నా" అంది.

"మీ నాన్నమ్మా అలాగే అంది" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

వాడు నవ్వే ఆ కథ నాది. కానీ ఎన్నడూ నేను చెప్పలేదు. ప్రతి థాంక్స్‌గివింగ్‌కి, టర్కీ ఎముకలు బల్ల మీద ఉండగానే, వర్జిల్ చెప్పేవాడు. పెళ్లై వచ్చిన మొదటి ఏడు. నాకు పంతొమ్మిదేళ్లు, ఐదడుగులు కూడా లేను. మగవాళ్లంతా మాంసానికి పొగపెట్టే కొట్టం వెనక మట్టిగట్టు దగ్గర డబ్బాలు నిలబెట్టి పేలుస్తున్నారు. మా పశ్చిమ వర్జీనియా కొండల్లో ఇదో ఆనవాయితీ, కొత్త కోడలి చేతికి పెద్ద షాట్‌గన్ ఇచ్చి చూడటం. భుజానికి ఎలా ఆనించాలో చెప్పరు, ఎంత గట్టిగా తంతుందో అసలే చెప్పరు. చెబితే ఇక తమాషా ఏముంది. వర్జిల్ నాకు తుపాకీ అందించి, "ఆ నీలం డబ్బా కొట్టు ఒలీటా, భయపడకు" అని వెనక్కి నడిచాడు. అంత వెనక్కి ఎందుకు నడుస్తున్నాడా అనుకున్నాను. ముందు నిలబడి దారి చూపించేవాడు భర్త అనుకునే వయసు అది. మీట నొక్కాను. తర్వాత నాకు ఆకాశం కనిపించింది, నవ్వులు వినిపించాయి. పళ్లు కదిలాయి. భుజం నుంచి రొమ్ము దాకా కమిలి నల్లబడింది. మా అత్త ఎథెల్ వంటింటి కిటికీలోంచి తొంగిచూసి, "లే అమ్మాయ్, గ్రేవీ అడుగంటుతోంది" అంది. లేచి వెళ్లి గ్రేవీ కలిపాను. ఎడమచేత్తో కలిపాను, కుడిచెయ్యి పైకి లేవలేదు.

ఆ తర్వాత తుపాకీ ముట్టుకోవాలంటే ఒళ్లు బిగుసుకుపోయేది. కళ్లు వాటంతటవే మూసుకుపోయేవి. "మా ఒలీటా శరీరమే అంత, తుపాకీకి పనికిరాదు" అనేవాడు వర్జిల్ నలుగురిలో, మంచి మాటలాగానే. అది పేల్చడానికే పనికిరాదు, పేల్చి తెచ్చినవాటికి పనికొస్తుంది. జింకని వెనక వరండాలో పడేస్తే తోలు తీసేది నేను, ఎముక వేరుచేసేది నేను, సీసాల్లో పెట్టి ఉడికించి నేలమాళిగలో బారులు తీర్చేది నేను. ఉడతల వెంట్రుకలు గోళ్లలోంచి పోయేవి కావు, అవే చేతులతో మర్నాడు బడి వంటకి వెళ్లేదాన్ని. చలికాలమంతా తిన్నది ఆ మాంసమే. చర్చిలో మాత్రం అందరూ వర్జిల్ భుజం తట్టి, "నీ ఇంట్లో మాంసానికి లోటుండదోయ్" అనేవారు. నిజమే, లోటుండేది కాదు. ఇప్పుడు అదే నవ్వుతో, అదే గట్టు దగ్గరికి, జోసీని కూడా పిలుస్తున్నారు. ఒక్క దెబ్బకి దాని ఒళ్లు కూడా ఎప్పటికీ బిగుసుకుపోతుంది. క్లబ్బు మాట అదే మానేస్తుంది. తర్వాత ఎప్పుడో, దీని శరీరమే అంత అంటారు.

వారం తిరక్కుండా జోసీని వెంటబెట్టుకుని ఊళ్లో ఎమెట్ కొట్టుకి వెళ్లాను. ఎమెట్ వర్జిల్ స్నేహితుడు. తుపాకులు, గాలాలు, పశువుల ఉప్పు అన్నీ అక్కడే అమ్ముతాడు. పిల్లలు పేల్చే తుపాకీ ఒకటి చూపించమన్నాను.

"రా వదినా. ఏ మనవడికి?"

"నాకున్నది మనవరాలే. ఎదురుగానే ఉంది."

"ఓ" అని వెనక్కి తిరిగి గులాబిరంగుది ఒకటి దించాడు. "ఆడపిల్లలు ఇది ఇష్టపడతారు. ఒకదాని తర్వాత ఒకటి పది తూటాలు వాటంతటవే ఎక్కుతాయి."

జోసీ మర్యాదగా పట్టుకుంది. పట్టుకోగానే నడుము వెనక్కి వంచింది, మెడ ముందుకి సాచింది. బావిలోకి తొంగిచూస్తున్నట్టు నిలబడింది.

"పొడుగు కాదూ?" అన్నాను.

"ఎదుగుతుందిగా వదినా. చలికోటు కొనేటప్పుడు ఒక సైజు పెద్దది కొనమూ?"

"చలికోటు వేసుకుని గురి చూడం కదయ్యా. మా లోవెల్‌కి కూడా ఇలాగే పొడుగుది ఇచ్చావా?"

ఎమెట్ నవ్వాడు. "వర్జిల్ ఊరుకుంటాడా. వాణ్ని ఈ బల్ల ముందే నిలబెట్టి కొలిచాడు. ఇలా రా పిల్లా." జోసీ మోచెయ్యి మడిపించి, ఆ మడతలో తుపాకీ వెనక కర్ర ఆనించాడు. దాని చూపుడువేలు మీటకి ఎక్కడో దూరంలో ఆగిపోయింది. "చూశావా, వేలు మీటని అందుకోవాలి. అందకపోతే కర్ర ఎక్కువన్నట్టు. లోవెల్‌కీ అందలేదు. ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని పేల్చే చిన్నది, తేలికది ఏరి తీసుకెళ్లి, వెనక కర్ర రంపంతో రెండు వేళ్ల మందం కోశాడు వర్జిల్. మొదటి తుపాకీ తన్నకూడదు, బరువుండకూడదు, పిల్లాడు దానికి భయపడితే జన్మంతా గురి కుదరదు అనేవాడు. కోసిన ముక్క పారేయొద్దన్నాను. కుర్రాడు ఎదిగాక మరలతో మళ్లీ బిగించుకోవచ్చు. అందరం అలాగే చేస్తాం."

"అందరూ అంటే?"

"ఈ లోయలో కొడుకులున్న వాళ్లంతా."

"ఆడవాళ్లనెవరినైనా కొలిచావా ఎమెట్?"

అతను గులాబిరంగుదాన్ని గుడ్డతో తుడిచి మళ్లీ పైన పెట్టాడు. "ఎవరూ అడగలేదు వదినా" అన్నాడు.

దారి పొడుగునా జోసీ ఏదో చెబుతూనే ఉంది. నాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ఇంటికొచ్చి వంటింటి తలుపు దగ్గర వంగాను. గాలికి తలుపు కొట్టుకోకుండా ఏళ్ల తరబడి అక్కడ ఒక కర్రముక్క అడ్డం పెట్టి ఉంటుంది. అక్రోటు చెక్క, కోడిగుడ్డులా కోలగా, మధ్యలో రెండు మరల రంధ్రాలు. "దాన్ని పారెయ్యకు, పనికొస్తుంది" అని వర్జిల్ అన్నాడు గనక పారెయ్యలేదు. రోజూ దాన్ని జరిపి ఊడ్చాను, మళ్లీ అక్కడే పెట్టాను. ముందు గదిలో అద్దాల బీరువా తాళం ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. వర్జిల్ బతికుండగా ఆ అద్దాలు బయటినుంచి తుడవడమే నా పని. బీరువా తెరిచి, మూలనున్న పొట్టి తుపాకీ తీశాను. తూటా లేదని చూసుకుని, కర్రముక్కని దాని వెనక ఆనించాను. చెక్కలోని గీత గీతతో కలిసిపోయింది.

ముక్క పక్కన పెట్టి, గోడవైపు గొట్టం తిప్పి, తుపాకీ భుజానికి ఎత్తాను. నా చెంప తనంతట తనే కర్ర మీద వాలింది. వేలు మీట దగ్గర ఆగింది. సాగలేదు, వంగలేదు. కన్ను తెరిచే ఉంది, గురి చూసే సూది ఎదురుగా నిలబడి ఉంది. నా ఒళ్లు బిగుసుకోలేదు.

అప్పుడు కూర్చున్నాను. కోపానికి. ఆ తుపాకీ కోసిన ఏడు లోవెల్‌కి పదకొండేళ్లు, వాడూ నేనూ ఒకే ఎత్తు. వంటింటి తలుపు చట్టం మీద వాడి ఎత్తు గీసిన గీతలున్నాయి, నేను పక్కన నిలబడి చూసుకున్నాను కాబట్టి తెలుసు. చిన్న ఒంటికి తుపాకీ ఎలా అమర్చాలో వర్జిల్‌కి తెలుసు. మొదటి దెబ్బ భయపెడితే ఏమవుతుందో తెలుసు. కొడుకు కోసం కొలిచాడు, కోశాడు, గరుకుకాగితంతో అంచులు నునుపు చేశాడు, మోకాళ్ల మీద కూర్చుని వాడి భుజం సర్దాడు. మరి నా చేతికి పెద్ద తుపాకీ ఇచ్చి వెనక్కి నడిచినవాడు తెలియక నడవలేదు. నాకు సరిపోయే తుపాకీ ఈ ఇంట్లోనే, నేను తుడిచే అద్దం వెనకే ఇన్నేళ్లుంది. అది సరిపోవడానికి కోసిన ముక్కని నేను చీపురుతో జరుపుతూ, లోపం నా శరీరంలో ఉందని నమ్ముతూ బతికాను.

థాంక్స్‌గివింగ్ రానే వచ్చింది. టర్కీ, ఊరవేసిన చిక్కుళ్లు, చిలగడదుంపలు, రెండు రకాల తీపి పైలు, అన్నీ అయ్యాయి. మగవాళ్లు కుర్చీలు జరిపి లేచారు. కోడలు మిస్టీ సింకులో వేణ్ణీళ్లు వదిలింది. లోవెల్ వాళ్ల నాన్న షాట్‌గన్ భుజాన వేసుకుని, "రావే జోసీ, నీ పెళ్లికూతురి పరీక్ష" అన్నాడు. వాడి బావమరుదులు అప్పుడే నవ్వడం మొదలెట్టారు.

నేను చెయ్యి తుడుచుకుని ఆప్రాన్ విప్పాను.

"అత్తయ్యా, గిన్నెలూ?" అంది మిస్టీ.

"ఉంటాయి. ఎక్కడికీ పోవు. నువ్వూ రా."

గట్టు దగ్గర పొట్టి తుపాకీ నా చేతిలో చూసి లోవెల్ నవ్వు ఆపాడు. "అమ్మా, అది నాది."

"మీ నాన్న పేరున ఉన్నవన్నీ ఇప్పుడు నావి."

"నాకు కొడుకు పుడితే ఇద్దామని దాచింది అది."

"నీకు పుట్టింది జోసీ."

ఒక బావమరిది దగ్గాడు. లోవెల్ గొంతు తగ్గించి, "ఎందుకమ్మా అంత సీరియస్సు. సరదాకే కదా. నాన్న నీతో కూడా సరదాకే చేశాడు" అన్నాడు.

"మరి నీతో ఎందుకు చెయ్యలేదురా ఆ సరదా?"

వాడు భుజాన ఉన్న షాట్‌గన్ని నేలకి దించి, అది ఎవరిదో అన్నట్టు దానివంక చూశాడు. మిగతావాళ్లు డబ్బాల వంక చూశారు.

జోసీ చెవులకి మూతలు పెట్టాను, కళ్లద్దాలు పెట్టాను. ఒక్క తూటా దాని అరచేతిలో వేశాను. ఎమెట్ కొట్టులో చూసినట్టే మోచేతి మడతలో కొలుచుకుంది. వేలు అందింది. నేను వెనక్కి నడవలేదు. దాని భుజం పక్కనే, చెయ్యి వేస్తే తగిలేంత దగ్గర నిలబడ్డాను. మొదటిది మట్టిలోకి పోయింది. రెండోదీ మట్టిలోకే. అయినా కళ్లు తెరిచే ఉన్నాయి. "తన్నడం లేదు నాన్నమ్మా" అంది ఆశ్చర్యంగా. ఇంకొకటి పెట్టుకుని, ఊపిరి వదిలి, ఆగి, నొక్కింది. బీన్సు డబ్బా ఒకటి గింగిరాలు తిరిగి పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది పట్టించుకోకుండా ఇంకో తూటా కోసం చెయ్యి చాపింది.

"క్లబ్బుకి వారం వారం ఎవరు తీసుకెళ్తారు? నాకు కుదరదు" అన్నాడు లోవెల్, ఇక అనడానికి అదొక్కటే మిగిలినట్టు.

"నేను తీసుకెళ్తాను. దారిలో బోర్డులన్నీ ఇప్పుడు చదవగలను."

ఇంట్లోకి వచ్చేసరికి గిన్నెలు అలాగే ఉన్నాయి. తలుపు గాలికి కొట్టుకోకుండా కర్రముక్క అడ్డంగా ఉంది. జోసీ దాన్ని చేతిలోకి తీసుకుని రంధ్రాలు తడిమింది.

"నేను పొడుగయ్యాక దీన్ని మళ్లీ బిగిస్తావా నాన్నమ్మా?"

"లేదు. నువ్వు పొడుగయ్యాక నీకు సరిపోయేది నీకు ఏరి కొంటాను. ఈ పొట్టి తుపాకీ తిరిగి నా దగ్గరికి వస్తుంది. నాకు సరిగ్గా సరిపోతుంది."

దాని చేతిలోంచి ముక్క తీసుకుని, పొయ్యి తలుపు తెరిచి, నిప్పుల మీద పెట్టాను. అక్రోటు చెక్క బాగా కాలుతుంది. ఆ మంట మీదే కాఫీ పెట్టుకున్నాను. తలుపు గాలికి కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకోనీ అని వదిలేశాను.

ఒలీటా హాచర్, అరవై తొమ్మిదేళ్లు. పశ్చిమ వర్జీనియా కొండల్లో, వాగు పక్కనున్న ఆ ఇంట్లోనే ఉంటున్నాను. ఇల్లు నా పేరున ఉంది.