వెనక నిలబడి గీసిన గడ్డం

సెలూనాయన ఆ పొద్దున కూడా దర్జీ ముసలాయన ఇంటికొచ్చి, ఆయన కుర్చీ వెనకే నిలబడి, మెడ మీదుగా చేయి చాపి చెంపలకు నురగ పట్టిస్తున్నాడు. ఊళ్ళో అందరి గడ్డాలూ ముందు నిలబడే గీస్తాడు. ఈయనకు మాత్రం వెనక నుంచి. కత్తి కిందికి దిగుతుంటే తన తలకాయా దిగిపోతుంది, తప్పు చేసిన పిల్లాడిలా.

చేశాడు మరి. మోజుపడి పాత కారు కొన్నాడు. ఇన్సూరెన్స్ గడువు తీరితే, వచ్చే నెల చూద్దాంలే అని ఆ డబ్బు పెట్టి సెలూనుకు మెరిసే బోర్డు చేయించాడు. నెల తిరక్కుండానే మలుపులో ముసలాయనను గుద్దాడు. మిషను తొక్కే కాలు విరిగింది. ముసలాయన కేసు వద్దన్నాడు. కారు తుక్కు కింద పోయింది, ఆసుపత్రి కోసం చేసిన అప్పు మిగిలింది. అది ఇంకా కడుతూనే ఉన్నాడు. ఈ గడ్డం పని మాత్రం ఎవరూ అడిగింది కాదు, తనంతట తానే వస్తాడు. కనీసం మంచినీళ్ళు కూడా ముట్టడు.

“ఏరా, నా మొహం చూడ్డానిక్కూడా ఇన్సూరెన్స్ కావాలా?” అన్నాడు ముసలాయన.

“అబ్బే, వెలుతురు ఇటు బాగుంది బాబాయ్.”

“చాల్లే, కిటికీ అటుంటే! రేపు ముందుకొచ్చి గీయి. దొంగలా వెనక నించుంటే మెడ జివ్వుమంటోంది.”

ముసలాయన భార్య వంటింట్లోంచి నవ్వింది. “కత్తి వాడి చేతిలో ఉంది, నోరు కాస్త అదుపులో పెట్టుకోండి.”

“అలాగే బాబాయ్, రేపు” అని పటిక రుద్ది, తలెత్తకుండా వచ్చేశాడు.

‘తప్పయిపోయింది బాబాయ్.’ ఇన్నాళ్ళూ నోరు దాటని మాట. రేపైనా అనాలని ఆ రోజంతా సెలూన్లో పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

“ఏంటన్నా, నా బట్టతలకి మంత్రమేస్తున్నావా?” అన్నాడు కుర్చీలోని కండక్టరు.

సాయంత్రం ఫోను. “నాయనా, ఓసారి రా. మీ బాబాయి మధ్యాహ్నం పడుకున్నారు. ఇక లేవలేదు.”

గుండె ఆగిందట. దానికీ కాలికీ సంబంధం లేదని డాక్టరు అడక్కుండానే చెప్పాడు. ఆ మాటకు అతని తల ఇంకాస్త వంగింది.

మంచం ముందు కూర్చుని, ప్రమాదం తర్వాత మొదటిసారి ఆ మొహాన్ని ఎదురుగా చూశాడు. కింది పెదవి దగ్గర, వెనక నుంచి చేయి సరిగ్గా అందని చోట, కాసిని తెల్ల వెంట్రుకలు మిగిలిపోయి ఉన్నాయి. రోజూ మిగిలేవేమో. ముసలాయన ఒక్కనాడూ అనలేదు.

“పిన్నీ, నేనింకా బాకీ...”

“అప్పిచ్చినవాళ్ళకి కట్టుకో నాయనా. మాకు నువ్వేం బాకీ లేవు.”

ఆవిడ అలా అనకుండా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ‘తప్పయిపోయింది’ అన్న మాట అప్పుడూ నోరు దాటలేదు.

కిటికీ దగ్గర, పక్కింటి పాప గౌనుకు కాజా సగమే కుట్టి ఉంది. సూది దారానికి వేలాడుతోంది.