అత్త అడిగిన వాలుగ

మా అత్త అమృతమ్మ బతికున్నన్నాళ్లూ నేను వండినదాన్ని వంక పెట్టకుండా ఒక్క పూట తినలేదు. పోయాక కూడా అదే తీరు. పదోరోజు పొద్దున ఆమె సమాధి దగ్గర విస్తరి పరిచి అన్నం, జొన్నరొట్టె, గుడ్డు, కల్లు, చేపల పులుసు అన్నీ పెట్టాం. కాకులు వచ్చాయి. పక్కన వేపకొమ్మ మీద కూచుని విస్తరికేసి చూసి, ఎగిరిపోయాయి.

మా వైపు పిట్టకు పెట్టడమంటే ఆషామాషీ కాదు. పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట పెట్టకూడదు. పొద్దు గూకేలోపు ముట్టలేదంటే, పోయిన మనిషి కోరిక తీరక తిరుగుతున్నట్టే. ఆ కోరిక ఏమిటో మా ఆయన నర్సింగ్‌కు బాగా తెలుసు. మంచాన పడ్డ నెల రోజులూ ఆమె ఏటి వాలుగ చేప పులుసు అడిగింది. మంజీర ఏట్లో పెద్ద వరద. "నీళ్లు దిగినంక తెస్త అమ్మా" అని ఈయన రోజూ అన్నాడు. నీళ్లు దిగలేదు, ఆమె ఆగలేదు.

విస్తర్లో పెట్టింది ఖేడ్ మార్కెట్లో కొన్న చేప. మధ్యాహ్నం దాటాక ఈయన లేచి వల భుజాన వేసుకున్నాడు.

"గది చెరువు చాప. మట్టివాసనొస్తదని మా అమ్మ ఏనాడూ ముట్టలే. ఏటికి పోతున్న."

అత్త మరిది దేవప్ప మామ అడ్డం నిలబడ్డాడు. "వద్దురా నర్సింగూ. పైన కర్ణాటకల వానలు దంచుతున్నయట. ఏటి దిక్కు పోవద్దని పొద్దుగాల్నుంచి మైకుల మొత్తుకుంటుండ్రు."

"నెల దినాలు అడిగింది కాకా. తేలే. ఇయ్యాల గూడ తేకపోతె నేనేం కొడుకును?"

మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా. నేను మోకుతాడు పట్టుకుని ఆయన వెనకాలే పరుగెత్తాను.

కొత్తనీళ్లకు చేపలు ఎదురెక్కుతాయి. నడి ఏటి ధాటికి తట్టుకోలేక, మా చేను పక్కన పారే ఒర్రె మంజీరలో కలిసేచోటికి తిరుగుతాయి. ఆయన అక్కడే దిగాడు. మోకు ఒక కొస ఆయన నడుముకు కట్టాం, రెండో కొస ఒడ్డున తుమ్మచెట్టుకు చుట్టి నేను పట్టుకున్నాను. వల తాడును ఎప్పటిలాగే కుడి మణికట్టుకు బిగించుకున్నాడు. విసిరిన వల చెయ్యి జారిపోకుండా వల విసిరేవాళ్లందరూ అలాగే కట్టుకుంటారు.

విసిరాడు. గడ్డీగాదం వచ్చింది. మళ్లీ విసిరాడు. ఎవరిదో తెగిన చెప్పు వచ్చింది. విసురుతూనే ఉన్నాడు. నడుములోతు నీళ్లు రొమ్ముదాకా ఎక్కాయి, పొద్దు వాలింది.

"ఇగ చాలు, రా."

వల దులిపి మళ్లీ విసిరాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "అత్తా, నీకు చాప గావాల్నా, కొడుకు గావాల్నా?" అని ఏటికేసి అరిచాను.

అప్పుడే వల బరువెక్కింది. తెల్లటి పొట్ట ఒకటి నీళ్లమీద తిరగబడింది. వాలుగే, నా చెయ్యంత పొడుగుంది. పది రోజుల్లో మొదటిసారి ఆయన మొహంలో నవ్వు చూశాను. అంతలోనే వరదలో కొట్టుకొస్తున్న పెద్ద మొద్దు వలలో చిక్కుకుంది. మొద్దు వలను లాగుతోంది, వల ఆయన చేతిని లాగుతోంది. మెడలోతుకు పోయాడు.

"నడుముల కత్తి ఉన్నది గద, వల తాడు కొయ్యి" అని అరిచాను.

"చాప పడ్డదే. నేను కొయ్య."

తుమ్మచెట్టు వేళ్ల కింద ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతోంది. మోకుకు నా అరచేతుల తోలు లేచింది. చెట్టు పోతే మనిషి పోతాడు. కొంగున కట్టిన ఫోన్ మోగింది. మోకును చెట్టుకు ఇంకో చుట్టు తిప్పి, ఒక చేత్తో తీశాను. దేవప్ప మామ.

"బిడ్డా, ఇంకా ముట్టలే. పొద్దు గూకుతుంది. చాప దొరికిందా?"

ఫోన్ కట్ చెయ్యకుండా చెవి దగ్గరే ఉంచుకుని ఏటికేసి అరిచాను. "ముట్టింది. పిట్ట ముట్టిందట. మామ చెప్తుండు."

నీళ్లలో ఆయన తల ఇటు తిరిగింది. "నిజంగనా?"

"మీ అమ్మ మీద ఒట్టు."

వాలుగకేసి ఒకసారి చూసి, ఎడమ చేత్తో కత్తి తీసి తాడు కోశాడు. మొద్దూ వలా చేపా అన్నీ కలిసి పోయాయి. ఆయన్ని లాగి ఒడ్డున పడేశాను.

మేం సమాధి దగ్గరికి వచ్చేసరికి విస్తరి లేదు. వేపచెట్టు మొదట్లో మట్టి కొత్తగా తవ్వి పూడ్చినట్టుంది. దేవప్ప మామ చేతులు మోచేతులదాకా మట్టి అయి ఉన్నాయి. తాడు ఒరుసుకుని నెత్తురు కారుతున్న అన్నకొడుకు మణికట్టును చూస్తూ, "రొట్టె ముక్క కర్సుకపోయిందిరా. ఇంత పెద్ద బొంతకాకి" అన్నాడు. మా ఆయన సమాధి మట్టి మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. మామ నా వైపు చూడలేదు.

ఇంటికి వచ్చి అందరికీ వడ్డించాను. పొద్దున్నుంచి పస్తున్నారు కదా, ఆవురావురుమని తిన్నారు. దేవప్ప మామ మాత్రం కడుపులో బాగాలేదని చెప్పి విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. నేనూ కంచం ముందు ఊరికే కూచున్నాను. మా ఆయన చూసి, గుడ్డ కట్టిన చేత్తోనే ముద్ద కలిపి నా నోటికి అందించాడు.

"తిను. అమ్మ తిన్నది గద."

ఆయన కళ్లలోకి చూస్తూ తిన్నాను. పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఆ మాట అనడానికి అత్త లేదు, ఆకలితో ఎక్కడ తిరుగుతోందో.