పేర్లు పిలవని సభ

గోర్డన్ హాల్వర్సన్‌కి పెళ్ళాన్ని ఒకసారి ఏడిపించనిదే పొద్దున కాఫీ గొంతు దిగదు. ఆ రోజు మరీనూ. వెర్నా రాజధానికి ప్రయాణమవుతోంది కదా, అతనికి పండగే.

"ఎర్ర కోటు వేసుకో. సభ గ్యాలరీలో నిప్పంటుకుందనుకునైనా ఒకసారి తలెత్తి చూస్తారు," అన్నాడు సీసా నీళ్ళు కాఫీ గిన్నెలో వంపుతూ.

"నోరు మూసుకుని తాగు."

"నేను ఇరవై ఏళ్ళుగా ఎందుకు ఓటెయ్యట్లేదో నీకు చెప్పానా?"

"లక్షసార్లు."

"లక్షా ఒకటి. ఏనుగు గుర్తువాళ్ళకీ గాడిద గుర్తువాళ్ళకీ దాణా పోసే గాబు ఒక్కటే. అది కంపెనీవాడిది. ముందు ఎవరు మూతి పెట్టాలన్న దానికే ఎలక్షన్లు."

వెర్నా బూట్లు తొడుక్కుంది. ఈ మనిషితో వాదన పెట్టుకుంటే తనని తీసుకెళ్ళే ఆర్లిన్ వ్యాను వచ్చినా కదలడం కుదరదని ఆమెకు నలభై ఏళ్ళ అనుభవం. పైగా గోర్డన్‌కి ఆ రోజు డయాలసిస్ ఉంది. వారానికి మూడు రోజులు ఆ యంత్రం పక్కన పడుకుని వచ్చే మనిషి కోపాన్ని ఎక్కడో ఒకచోట కక్కాలి కదా అని సరిపెట్టుకుంది.

టోల్నెస్ ఊళ్ళో కుళాయి నీళ్ళు తాగి నాలుగేళ్ళయింది. ఊరికి పైన పందుల్ని కోసే కంపెనీ ఉంది. దానికి పెద్ద పేరే ఉంది గానీ ఊళ్ళో ఎవరూ ఆ పేరు పలకరు, కంపెనీ అంటే కంపెనీయే. దాని మురుగు గుంటలు కారి ఊరి బావుల్లో కలిశాయి. గోర్డన్ మూత్రపిండాలు పాడైంది ఆ నీళ్ళ వల్లేనా అంటే ఏ డాక్టరూ అవునని కాగితం మీద రాయడు. అది కోర్టే తేల్చాలి. రెండు వందల పదకొండు ఇళ్ళవాళ్ళు కలిసి దావా వేశారు. మూడేళ్ళు తిప్పి తిప్పి చివరికి జడ్జిగారు మే నెలకి విచారణ పెట్టారు.

ఇదిగో, సరిగ్గా ఫిబ్రవరిలో, రాష్ట్ర శాసనసభలో బడుల బిల్లు ఒకటి వచ్చింది. నాలుగు వందల పేజీల బిల్లు. టీచర్లకి జీతాలు, పిల్లలకి మధ్యాహ్నం తిండి, అన్నీ మంచి మాటలే. దాని తోకకి పదకొండు లైన్ల సవరణ ఒకటి కట్టారు. ప్రభుత్వ పర్మిట్టు ఉన్న ఏ ఫ్యాక్టరీ మీదా నీళ్ళు పాడయ్యాయని దావా వెయ్యకూడదట. ఇప్పటికే కోర్టులో ఉన్న దావాలూ చెల్లవట. బడులకీ పంది మురుక్కీ ఏం సంబంధమని అడిగేవాడు లేడు! ఎవరు రాశారో తెలియదు, ఎవరు తెచ్చారో తెలియదు. తెలిసినవాడికి నోరు లేదు.

అయినా వెర్నా ధైర్యంగానే ఉంది. ఆ ధైర్యం పేరు మెరెడిత్ క్వాలే.

వెర్నా ఇరవై తొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపింది. మెరెడిత్ ఆరేళ్ళ పిల్లగా ఆ బస్సెక్కింది. ఆ పిల్లకి బస్సు పడేది కాదు, మలుపు తిరిగితే వాంతే. తన వెనక సీట్లోనే కూర్చోబెట్టుకుని, కాళ్ళ దగ్గర చిన్న బకెట్ పెట్టి, పన్నెండేళ్ళు మోసింది. ఆ పిల్లే పెద్దదై, పక్క ఊళ్ళో లైబ్రేరియన్ అయి, కిందటేడు గాడిద గుర్తు మీద శాసనసభకి నిలబడింది. నిలబెట్టింది వెర్నాయే. ఎండాకాలమంతా కాళ్ళరిగేలా ఇల్లిల్లూ తిరిగింది. పార్టీ పంపిన మేనేజరమ్మ ఒకతె ఇళ్ళ జాబితా చేతికిచ్చి, "కంపెనీ ఊసెత్తకండి, బడుల గురించి చెప్పండి, సర్వేలో అదే పనిచేస్తోంది," అని నూరిపోసింది. వెర్నా సరేనని తలూపి, ప్రతి గుమ్మం ముందూ కంపెనీ గురించే చెప్పింది. మెరెడిత్ నూట నలభై మూడు ఓట్లతో గెలిచింది.

వారం కిందట టోల్నెస్ కాఫీ హోటల్లో ఇద్దరూ కూర్చున్నారు. మెరెడిత్ మొహమాటంగా ఫోర్కుతో కేకు ముక్కని చిదుపుతూ, "సవరణని ఓడించలేం మిస్ వెర్నా. ఏనుగువాళ్ళకెలాగూ సభలో బలం ఉంది. మావాళ్ళలోనూ సగంమంది అటే," అంది.

"నేను గెలవమని అడగట్లేదు తల్లీ. పేర్లు కావాలి నాకు."

ఆ సభలో పద్ధతి అది. సవరణలకి మూజువాణి ఓటు. ఒప్పుకునేవాళ్ళు ఒక కేక, కాదనేవాళ్ళు ఒక కేక, స్పీకర్ చెవికి ఏది పెద్దగా వినిపిస్తే అదే నెగ్గినట్టు. ఎవరు ఏమన్నారో రికార్డులో ఉండదు. కానీ సభ్యుల్లో ఒక్కరు లేచి "పేర్లు పిలవండి" అంటే చాలు, ఇక తప్పదు. ఒక్కొక్కరి పేరూ పిలవాలి, ఒక్కొక్కరూ జవాబు చెప్పాలి, అంతా పుస్తకంలోకి ఎక్కాలి.

"మా దావా చంపేస్తే చంపేశారు. చంపిన చేతులెవరివో మాకు తెలియాలా వద్దా? వచ్చే ఎలక్షన్లకి ఆ కాగితం పట్టుకుని తిరుగుతాను. ఏ గుర్తయినా సరే, నాకు లెక్కలేదు," అంది వెర్నా.

మెరెడిత్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను లేస్తాను మిస్ వెర్నా. మాటిస్తున్నా."

అదీ సంగతి. ఆ మాట మీదే వెర్నా ఇప్పుడు ఆర్లిన్ టిగ్గెస్ వ్యానెక్కింది.

ఆర్లిన్ పందుల రైతు, నలభై ఏళ్ళుగా ఏనుగు గుర్తుకే ఓటేసిన మనిషి. అతని బావీ పాడైంది. మంచు దిబ్బల మధ్య రెండు గంటల దారి. వెర్నా చెప్పిందంతా విని, ఆర్లిన్ గడ్డం గోక్కున్నాడు.

"ఒక్కదాని మీదే పెట్టుకున్నావేంటమ్మా? మా పార్టీలో ఉత్తరం వైపు ముసలాయన ఒకడున్నాడు, స్ట్రాండ్ అని. ఈసారితో దిగిపోతున్నాడు, ఎవడికీ భయపడక్కర్లేదు. ఆయన చెవిలో కూడా ఓ మాటేసి ఉంచుదాం. ఈవిడ లేవకపోతే ఆయన లేస్తాడు."

"లేవకపోవడమేంటి? మాటిచ్చింది."

"ఇచ్చిందిలే. ఎందుకైనా మంచిదని."

"ఆ పిల్లకి తెలిస్తే ఏమనుకుంటుంది? నన్ను నమ్మలేదనుకోదూ?"

ఆర్లిన్ ఇంక రెట్టించలేదు. అక్కడివాళ్ళ మర్యాద అలాంటిది. మాటిచ్చిన మనిషిని రెండోసారి అడగరు. అడిగితే నువ్వు అబద్ధాలకోరువని మొహం మీద అన్నట్టే. ఇంట్లో వంట మాడిపోతున్నా, పక్కింటివాళ్ళు పొయ్యి చూస్తామన్నారు కాబట్టి వెళ్ళి చూడటం బాగోదని వాకిట్లోనే నిలబడే రకం జనం. ఈ మర్యాదే కదా వాళ్ళ కొంప ముంచింది!

సభాభవనం మెట్ల దగ్గర మెరెడిత్ ఎదురైంది. కొత్త కోటు, మెడలో సభ్యురాలి బిళ్ళ. పక్కన కంపెనీ తరఫు మనిషి ఒకతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు, అటు వెళ్ళే ఏనుగుకీ ఇటు వెళ్ళే గాడిదకీ ఒకే నవ్వు నవ్వుతూ. మెరెడిత్‌ని పేరు పెట్టి పలకరించాడు. ఈమె కూడా పేరు పెట్టే బదులిచ్చింది.

"వచ్చారా మిస్ వెర్నా! గోర్డన్‌గారు ఎలా ఉన్నారు?" అని మెరెడిత్ గట్టిగా కౌగలించుకుంది.

"నోరు బానే ఉంది, మిగతాదే బాలేదు. ఇవాళే కదా?"

"ఇవాళే. మధ్యాహ్నంలోపు వస్తుంది." మెరెడిత్ అటూ ఇటూ చూసింది. "చూస్తాను."

చూస్తానంటుందేమిటి? లేస్తానంది కదా! ఆ మాట వెర్నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. రెండోసారి అడగడం బాగోదు. "మంచిది తల్లీ," అని మెట్లెక్కింది.

పైన గ్యాలరీలో జనం లేరు. ఎక్కడో బడి నుంచి చూడటానికి వచ్చిన పిల్లల గుంపు, టీచరు, వీళ్ళిద్దరూ. కింద సభ్యులు ఫోన్లు చూసుకుంటూ, ఆవులిస్తూ, శాండ్‌విచ్‌లు తింటున్నారు. గుమాస్తా లేచి సవరణ చదివాడు. చదివాడంటే, పెదాలు కదిలాయంతే. పదకొండు లైన్లూ ఒక్క గుక్కలో మింగేశాడు. రెండు వందల పదకొండు ఇళ్ళు ఆ గుక్కలో కొట్టుకుపోయాయి.

"ఒప్పుకునేవారు?" అన్నాడు స్పీకర్.

గది నాలుగు మూలల నుంచీ లేచింది కేక. ఏనుగులెవరో గాడిదలెవరో పోల్చుకోవడానికి లేదు, అంతా ఒకటే గొంతు.

"కాదనేవారు?"

అక్కడక్కడా నాలుగైదు గొంతులు, దగ్గినట్టు.

స్పీకర్ సుత్తి ఎత్తి ఒక్క క్షణం ఆగాడు. ఎవరైనా లేస్తారేమోనని ఇచ్చే గడువు అది. వెర్నా చూపు మెరెడిత్ వీపు మీదే ఉంది. మెరెడిత్ కుర్చీ చేతి మీద చెయ్యి వేసింది. లేస్తోంది. అమ్మయ్య, లేస్తోంది. వెనక సీట్లోంచి వాళ్ళ పార్టీ నాయకుడు ముందుకు వంగి ఆమె భుజం మీద మెల్లిగా రెండు వేళ్ళు పెట్టాడు. నొక్కలేదు కూడా. మెరెడిత్ చెయ్యి ఒళ్ళోకి దిగిపోయింది.

ఇంక వెర్నాకి ఏ మర్యాదా గుర్తులేదు. ఎప్పుడు లేచిందో తెలియదు, రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది.

"పేర్లు పిలవండి!"

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. శాండ్‌విచ్‌లు కూడా ఆగాయి.

"గ్యాలరీలో నిశ్శబ్దం," అన్నాడు స్పీకర్.

"పిలవరా? అయితే నేనే పిలుస్తాను. మెరెడిత్ క్వాలే! లే తల్లీ, లేచి చెప్పు. అవునా, కాదా? నోటితోటి చెప్పు!"

మెరెడిత్ తలెత్తలేదు. బల్ల మీద ఉన్న కాగితాన్నే చదువుతోంది, ఆ నాలుగు వందల పేజీల్లో ఏదో కొత్తగా కనిపించినట్టు. సుత్తి పడింది. పడీ పడగానే సవరణ నెగ్గింది. ఇద్దరు భటులు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. పాపం, మంచివాళ్ళే. "నెమ్మదిగా దిగండమ్మా, మెట్లు జారతాయి," అన్నారు. ఆర్లిన్ టోపీ చేత్తో పట్టుకుని వెనకాలే నడిచాడు. ముసలి స్ట్రాండ్ కిందనుంచి కళ్ళజోడు తీసి వాళ్ళవైపే చూస్తున్నాడు. ముందే అడిగి ఉంటే ఆయన లేచేవాడో కాదో ఇక ఎప్పటికీ తెలియదు.

అరగంటకి మెరెడిత్ బయట వసారాలోకి పరుగెత్తుకొచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నేను కాదనే అన్నాను మిస్ వెర్నా. ఒట్టు. నోరు తెరిచి కాదన్నాను."

"ఎవరు విన్నారు?"

"పేర్లు పిలిస్తే బొటాబొటీగా గెలిచిన మావాళ్ళు అయిదుగురు దొరికిపోతారు. కంపెనీకి ఓటేశారని ఇంటింటికీ కరపత్రాలెళ్తాయి. వచ్చే ఏడు ఆ అయిదు సీట్లూ పోతే సభ ఇంక ఎప్పటికీ మా చేతికి రాదు. మనం గెలిచాక నీళ్ళ చట్టం తెస్తామని మా నాయకుడు..."

"ఆ అయిదుగురితోనా తెచ్చేది?"

మెరెడిత్ మెడలో బిళ్ళని చేత్తో మూసింది. "నన్ను నీళ్ళ కమిటీలో వేస్తానన్నారు," అంది చివరికి, చిన్న గొంతుతో.

వెర్నాకి ఒళ్ళు మండిపోయింది. కొట్టాలనిపించింది. ఏడవాలనిపించింది. "నిన్ను పన్నెండేళ్ళు మోశానే," అంది. "వాంతి చేసుకుంటే తుడిచాను. ఆ కంపెనీవాడు ఏ రోజైనా తుడిచాడా? నేను అడిగిందల్లా లేచి నిలబడమని! గెలిపించమన్నానా? నిలబడమన్నాను. కుర్చీలోంచి లేవడం కూడా చేతకాని దానికి కుర్చీ ఎందుకే నీకు?"

మెరెడిత్ ఏడుస్తూ నిలబడింది. లోపల గంట మోగింది, ఓటింగుకి పిలుపు. బిల్లు మొత్తానికి పేర్లు పిలుస్తున్నారట, బడుల బిల్లు కదా, అందరికీ అందులో తమ పేరు కనబడాలి. మెరెడిత్ మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళి అవునంది. అందరూ అవునన్నారు.

తిరుగు దారంతా ఆర్లిన్ రేడియో పెట్టలేదు. టోల్నెస్ దగ్గరపడ్డాక మాత్రం, "మా పార్టీవాళ్ళూ అంతే చేశారు, నీ పిల్లొక్కతే కాదు," అన్నాడు. ఓదార్పు అనుకున్నాడు పాపం.

పది రోజుల్లో గవర్నరు సంతకం పెట్టాడు. చుట్టూ బడి పిల్లల్ని నిలబెట్టి ఫొటో దిగాడు. మర్నాడే మే నెల విచారణ రద్దయిందని లాయరు ఫోన్ చేశాడు. ఆ వారమే పోస్టులో రెండు కవర్లు వచ్చాయి. ఒకటి పార్టీ మేనేజరమ్మ నుంచి. వెర్నా సేవలకి కృతజ్ఞతలు, అయితే జరిగిన గొడవ దృష్ట్యా ఈసారి ప్రచారానికి రావద్దని మనవి. రెండోది సభాభవనం నుంచి. ఏడాదిపాటు ఆ గుమ్మం తొక్కకూడదట. దానికి సాక్ష్యంగా ఆ రోజు సభా కార్యక్రమాల రికార్డు నకలు ఒక పేజీ జతచేశారు.

గోర్డన్ అప్పుడే డయాలసిస్ నుంచి వచ్చాడు. కట్టు కట్టిన చేత్తో కవరు చింపి, బల్ల దగ్గర కూర్చుని, ఎప్పటిలాగే వెటకారంగా పైకి చదవడం మొదలుపెట్టాడు.

"సవరణ చదవబడినది. ప్రతిపాదించినది, కమిటీ. సభాభిప్రాయం కోరబడినది. అనుకూలురు అధికులని స్పీకర్ ప్రకటించినారు. సవరణ ఆమోదించబడినది." పేజీ తిప్పి చూశాడు. వెనక ఖాళీ. మళ్ళీ ముందుకి తిప్పాడు. "ఎవడి పేరూ లేదే. చదివినవాడిది లేదు, తెచ్చినవాడిది లేదు, కేకేసినవాడిది లేదు."

"చెప్పాను కదా, మూజువాణి."

"ఉండు, కింద ఇంకో లైనుంది."

చదవబోయి ఆగిపోయాడు. నలభై ఏళ్ళలో ఆ మనిషి నోరు మధ్యలో ఆగడం వెర్నా ఎప్పుడూ చూడలేదు. కాగితం ఆమె వైపు జరిపాడు. వెర్నా కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంది.

సభకు అంతరాయము కలిగించినందున టోల్నెస్ నివాసి వెర్నా హాల్వర్సన్ అను వ్యక్తి గ్యాలరీ నుండి తొలగించబడినది.