శూలగిరిలో రెండు నిమిషాలు

భువన ఆ ఉదయం పిల్లకు తల దువ్వి, ఆసుపత్రి చీటీలు సంచిలో సర్ది, చివరగా నీళ్ల సీసా నింపింది. నింపిందే గాని, అది కృష్ణగిరి చేరాక తెరవాల్సిన సీసా అని మూత బిగించే చేతులకు తెలుసు. గడప దాటుతుంటే అత్త పుట్టమ్మ ఎప్పటి మాటే అన్నది.

"పాపకి నీళ్లు తాపొద్దమ్మా. దోవలో యాడ దించుతావు?"

ఆ ఇంటి ఆడవాళ్లకు అదొక గొప్ప. పుట్టమ్మ తిరుపతి ప్రయాణం గురించి చెప్పినప్పుడల్లా, దర్శనం కంటే ముందు, తాను దోవలో ఒక్కసారీ బస్సు దిగలేదన్న సంగతి వస్తుంది. కొత్త కోడలిగా భువన ఆ కథకు తల ఊపింది, పోనుపోను తానూ అందులో ఆరితేరింది. ఊరికి పోవాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే గొంతు ఎండబెట్టుకుంటుంది. భర్త అశోక్ మాత్రం బైకు మీద పోతూ ఏ మామిడితోట పక్కనైనా బండి నిలిపి ఒంటికి పోయి వస్తాడు. వచ్చి, "గంటన్నర ఓర్చుకోలేరా మీరు?" అని నవ్వుతాడు కూడా. ఆ నవ్వు భువనకు అసహ్యం. ఆ మాట ఏనాడూ పైకి అనలేదు.

నాలుగేళ్ల మధుమితకు నెలలో ఇది రెండోసారి జ్వరం. ఒంటికి పోవాలంటే మంటతో ఏడుపు. పోయిన వారం డాక్టరమ్మ పిల్లను వదిలేసి, రోజుకు నువ్వెన్ని నీళ్లు తాగుతావని తల్లిని అడిగింది. గంటకోసారి తాగించమని, బస్సులో ఉన్నా సరేనని ఆమె చీటీ మీద రాసి, కింద గీత గీసింది.

హోసూరు బస్టాండులో తోసుకుంటూ ఎక్కి, పిల్లను ఒళ్లో పెట్టుకొని, సంచి కాళ్ల మధ్య ఇరికించుకునే సరికి బస్సు కదిలింది. పిల్ల పెదవులు ఎండి పొట్టు లేచి ఉన్నాయి. ఆ గీత గుర్తుకొచ్చి భువన సీసా తీసింది. మధుమిత దాన్ని రెండు చేతులతో వెనక్కి తోసింది.

"వద్దుమా. బస్సులో నీళ్లు తాగకూడదు. నేను మంచి పాపని."

భువన చెయ్యి సీసా మూత మీదే ఆగింది. ఎవరు నేర్పారు దీనికి? కూర్చోబెట్టి ఎవరూ నేర్పలేదు. ప్రతి ప్రయాణంలోనూ అమ్మ ఒళ్లో కూర్చొని, ఆ తెరవని మూతనే చూస్తూ నేర్చుకుంది. అత్త కనీసం నోటితో చెప్పింది, తాను నోరు మెదపకుండానే కూతురికి అప్పజెప్పింది. భువన మూత తీసి, ముందు తానే గటగటా తాగింది. గొంతులో దిగిన చల్లదనానికి కళ్లు చెమర్చాయి. పిల్ల వింతగా చూసి, నవ్వి, మిగిలింది లాక్కొని తాగేసింది.

శూలగిరి దగ్గర పడుతుండగా పిల్ల గౌను నలుపుకోవడం మొదలుపెట్టింది. భువన లేచి కండక్టరును రెండు నిమిషాలు నిలపమని తమిళంలో అడిగింది. అతను తెలుగులోనే కసిరాడు.

"ఒకరి కోసం బండి నిలపేదానికి లేదమ్మా. చిన్న బిడ్డతో వచ్చేటోళ్లు ముందే చూసుకోని ఎక్కల్ల."

వెనక సీటాయన ఆఫీసుకు ఆలస్యమని విసుక్కున్నాడు. అలవాటు కొద్దీ తప్పయిందని అనబోయింది భువన. ఏం తప్పు? నీళ్లు తాగడమా?

"జబ్బు బిడ్డప్పా. నిలపకుంటే నేనే డ్రైవరన్న పక్కన పోయి నిలబడతాను," అంది.

బస్సు ఆగింది. టీ అంగడి వెనక మరుగుదొడ్డి గది తాళం అడిగి తీసుకొని, పిల్లను తీసుకుపోయింది. పిల్ల కొంచెం ఏడ్చింది, కానీ అయింది. అవతల హారన్ మోగింది. పరుగెత్తబోయి, భువన ఆగింది. పిల్లను తలుపు దగ్గర నిలబెట్టి తానూ లోపలికి పోయింది. పెళ్లయిన ఏడేళ్లలో దోవ మధ్యన ఆమె బస్సు దిగడం అదే మొదలు.

బయటికి వచ్చేసరికి గది ముందు బస్సులోని నలుగురు ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. తళి ఊరి నుంచి పూలు తెచ్చే ముసలామె, ఫ్యాక్టరీ యూనిఫాంలో ఒక అమ్మాయి, ఇంకో ఇద్దరు.

"నేను ఇంట్లో బయలుదేరినప్పటి నుంచి ఓర్చుకోనుండానమ్మా," అంది ముసలామె. "అడిగేదానికి సిగ్గయి కూర్చున్నాను."

హారన్ మళ్లీ మోగింది. ఎవరూ పరుగెత్తలేదు. రెండు నిమిషాలు పది అయ్యాయి. కండక్టరు దిగి వచ్చి ఆ వరుసను చూసి, టీ చెప్పుకున్నాడు.

భువన అదే అంగడిలో సీసా నింపుకొని ఎక్కింది. బస్సు కదలగానే పుట్టమ్మ ఫోన్ చేసి, పాపకి నీళ్లేమన్నా తాపినావా అని అడిగింది.

"తాపినాను అత్తా," అంది భువన. "నేనూ తాగినాను. ఈసారి తిరుపతికి నిన్ను నేను తీసుకపోతాను. దోవలో నువ్వూ తాగల్ల."